తెలుసుకుందాం: ఆకాశంలోనూ ఎర్ర టేపు ఉంటుంది

సోనాపూర్ క్యాంపులో ఉండేవాళ్లకు విమానం వింత కాదు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, వంట వంతు వచ్చేదాకా బయట కూర్చుంటే దుబాయ్ ఎయిర్‌పోర్టు విమానాలు వరుసగా కనిపిస్తూనే ఉంటాయి. జెబెల్ అలీ వైపు ఉన్నవాళ్లకు అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్టు, షార్జా సజ్జా వైపు ఉన్నవాళ్లకు షార్జా ఎయిర్‌పోర్టు దగ్గర. రోజూ చూసేదే కాబట్టి దాని గురించి పెద్దగా ఆలోచించం.

అయితే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఒకటి: "హైదరాబాద్ దగ్గరికి వచ్చాక కూడా మా విమానం దిగకుండా అరగంట గుండ్రంగా తిరిగింది. ఎందుకు?" రెండోది: "మా సైటులో టవర్ క్రేనుకు ఇంకో సెక్షన్ ఎక్కించబోతే ఆపేశారు, ఎయిర్‌పోర్టు పర్మిట్ రాలేదన్నారు. ఎయిర్‌పోర్టు ఎక్కడో ఉంది, మా క్రేనుతో దానికేం పని?" మూడోది: "చెల్లెలి పెళ్లికి డ్రోన్ కెమెరా కొని ఇంటికి తీసుకుపోదామనుకుంటున్నా. పర్వాలేదా?"

చూడటానికి మూడూ వేరు వేరు. జవాబు మాత్రం ఒకటే. ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న ఆకాశం ఖాళీ జాగా కాదు. దానికి హద్దులున్నాయి, కాపలా ఉంది, లోపలికి రావాలంటే పర్మిట్ కావాలి. దీన్నే నియంత్రిత గగనతలం అంటారు. ఈ సంగతి తెలిస్తే కొన్ని చోట్ల మన డబ్బు మిగులుతుంది, కొన్ని చోట్ల ఉద్యోగం మిగులుతుంది. ప్రాణం మిగిలే చోట్లు కూడా ఉన్నాయి.

సైటులో ఉన్న రూలే

మన సైటులో క్రేను లోడు ఎత్తేటప్పుడు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ముందు కింద ఎర్ర టేపు కడతారు. ఆ టేపు దాటి ఎవరూ రాకూడదు, ఇంజనీరైనా సరే. పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్‌కు కింద అంతా కనిపించదు. ఆయన బ్యాంక్స్‌మ్యాన్ చెప్పిన మాటే వింటాడు. బ్యాంక్స్‌మ్యాన్ "ఆపు" అంటే ఆపాలి, "దించు" అంటే దించాలి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి చేతులూపితే లోడు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి.

విమానాల సంగతీ అంతే. పైలట్ క్రేను ఆపరేటర్ లాంటివాడు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ బ్యాంక్స్‌మ్యాన్ లాంటివాడు. ఎర్ర టేపు మాత్రం కంటికి కనపడదు, మ్యాపుల మీద గీసి ఉంటుంది. ఆ గీత లోపలికి రావాలంటే ప్రతి విమానం రేడియోలో అనుమతి అడగాలి. కంట్రోలర్ ఒక ఎత్తు, ఒక దిక్కు చెబితే పైలట్ ఆ మాటను తిరిగి పలికి వినిపించాలి. "పదివేల అడుగులు" అని చెబితే "పదివేల అడుగులు" అని తిరిగి చెప్పాలి. తప్పుగా విన్నాడేమో అక్కడే తేలిపోతుంది. సైటులో వాకీటాకీ పట్టుకున్న రిగ్గర్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

చెట్టు లాంటి ఆకారం

ఈ హద్దు ఎలా ఉంటుందో ఊహించడానికి ఊళ్లోని మర్రిచెట్టును తలుచుకోండి. మాను నేల నుంచి మొదలవుతుంది, కొమ్మలు పైకి పోయాక చుట్టూ విస్తరిస్తాయి. ఎయిర్‌పోర్టు చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర నేల నుంచే మొదలయ్యే భాగం మాను. దీన్ని కంట్రోల్ జోన్ అంటారు. దాని పైన ఇంకా వెడల్పుగా పరుచుకున్న కొమ్మల భాగాన్ని టెర్మినల్ ఏరియా అంటారు. ఎక్కే విమానాలు, దిగే విమానాలు ఈ కొమ్మల మధ్య దారుల్లోనే నడుస్తాయి. కొమ్మల కింద, మానుకు దూరంగా ఉన్న చోట రూలు కొంచెం సడలుతుంది. మాను దగ్గర మాత్రం నేల నుంచే రూలు.

ప్రపంచమంతా ఈ పద్ధతికి మూలం ఒకటే. 1944 డిసెంబరు 7న అమెరికాలోని షికాగోలో చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తన నేల పైనున్న ఆకాశం మీద పూర్తి హక్కు ఆ దేశానిదే అని అందులో మొదటి మాట. ఆ ఒప్పందం నుంచి పుట్టిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థే ఇప్పటికీ అన్ని దేశాలకు ప్రమాణాలు రాస్తోంది.

మీరు దుబాయ్‌లో విమానం ఎక్కి హైదరాబాద్‌లో దిగేదాకా అది ఒక్క నిమిషం కూడా దిక్కులేకుండా ఉండదు. ముందు దుబాయ్ టవర్, ఆ తర్వాత ఎమిరేట్స్ గగనతలాన్ని చూసే అబుదాబి కేంద్రం, సముద్రం మీదికి వచ్చేసరికి మస్కట్, ఆపైన ముంబై, ఆపైన చెన్నై పరిధి, చివరికి శంషాబాద్ టవర్. రిలే పరుగులో కర్ర చేతులు మారినట్టు మీ విమానం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ పోతుంది.

గుండ్రంగా ఎందుకు తిరుగుతుంది?

ఒక రన్‌వే మీద ఒకేసారి ఒక్క విమానమే దిగాలి. వెనకవచ్చేది ముందుదానికి ఎడం పాటించాలి. ఎయిర్‌పోర్టు దగ్గర రాడార్ మీద చూస్తూ నడిపేటప్పుడు సాధారణంగా పక్కన 3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు ఉండాలి. అది కుదరకపోతే పైకీ కిందికీ 1000 అడుగులు, అంటే 300 మీటర్ల తేడా ఉండాలి.

పొగమంచు పడినా, గాలివాన వచ్చినా, ఒకేసారి ఎక్కువ విమానాలు వచ్చినా ఈ ఎడం పెంచాల్సి వస్తుంది. అప్పుడు వెనక వచ్చినవాటిని ఒక చోట తిరగమంటారు. ఒక నిమిషం నేరుగా, ఒక నిమిషం మలుపు, మళ్లీ ఒక నిమిషం నేరుగా, ఒక నిమిషం మలుపు. ఒక చుట్టుకు మామూలుగా 4 నిమిషాలు. ఒకదాని మీద ఒకటి వెయ్యేసి అడుగుల తేడాతో, హోటల్లో పళ్లేలు పేర్చినట్టు ఉంటాయి. అడుగుది దిగడానికి వెళ్లగానే పైవన్నీ ఒక్కో మెట్టు కిందికి దిగుతాయి.

అలా తిరిగేటప్పుడు మనవాళ్లలో కొందరు భయపడతారు, పెట్రోలు అయిపోతుందేమోనని. ఆ లెక్క ముందే వేసుకుని బయల్దేరతారు. దిగాల్సిన చోట దిగలేకపోతే వేరే ఎయిర్‌పోర్టుకు వెళ్లేంత, అక్కడ మరో 30 నిమిషాలు తిరిగేంత ఇంధనం ఉండాలన్నది రూలు. కాబట్టి తిరుగుతోందంటే పైన ఎవరో లెక్క ప్రకారం నడిపిస్తున్నారని అర్థం. సీటు బెల్టు పెట్టుకుని కూర్చోండి. లేచి బ్యాగులు దించకండి.

349 మంది

ఈ వెయ్యి అడుగుల తేడా ఎంత విలువైనదో చెప్పే రోజు ఒకటుంది. 1996 నవంబరు 12. ఆ సాయంత్రం ఢిల్లీ నుంచి సౌదీ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 విమానం 312 మందితో బయల్దేరింది. దహ్రాన్ మీదుగా జెద్దాకు వెళ్లాలి. అందులో ఎక్కువమంది మనలాంటివాళ్లే. సౌదీలో పనికి పోతున్న భారతీయులు, నేపాలీలు. అదే సమయానికి కజకిస్తాన్ విమానం ఒకటి 37 మందితో ఢిల్లీలో దిగడానికి వస్తోంది.

ఆ రోజుల్లో ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళం చేతిలో ఉండేది. పౌర విమానాలు వచ్చేదీ పోయేదీ ఒకే దారి. అందుకని ఎత్తుల్లో తేడా పెట్టి నడిపేవారు. కంట్రోలర్ సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర ఉండమన్నాడు. కజక్ విమానాన్ని 15 వేల దగ్గర ఆగమన్నాడు. ఎదురుగా సౌదీ విమానం వస్తోందని కూడా చెప్పాడు. కానీ కజక్ విమానం 15 వేల దగ్గర ఆగలేదు. ఇంకా కిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాల పైన రెండూ ఢీకొన్నాయి. రెండు విమానాల్లో ఉన్న 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమంది చనిపోయింది ఇంకొకటి లేదు.

తర్వాత జరిగిన విచారణలో తేలింది ఇదే: కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తు దాటి కిందికి వచ్చింది. దానిలో రేడియోలో ఇంగ్లిష్ మాట్లాడే మనిషి వేరు, విమానం నడిపేవాళ్లు వేరు. కింద కంట్రోలర్ ముందున్న రాడార్ కూడా విమానం ఎక్కడుందో చూపేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. ఆ దుర్ఘటన తర్వాత ఢిల్లీలో వచ్చే దారి, పోయే దారి వేరు చేశారు. ఎత్తు చూపే రాడార్ వచ్చింది. ఎదురుగా విమానం ఉంటే పైలట్‌ను నేరుగా హెచ్చరించే పరికరాన్ని భారతదేశంలో తప్పనిసరి చేశారు. ఈ రోజు మనం కొంచెం ధైర్యంగా ఎక్కి దిగుతున్నామంటే, ఆ సాయంత్రం వీసాలు చేతపట్టుకుని ఎక్కినవాళ్ల ప్రాణాలు దానికి మూల్యం.

క్రేనుకు పర్మిట్ ఎందుకు?

ఇప్పుడు మన సైటు సంగతి. విమానం దిగేటప్పుడు ఏటవాలుగా, మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. లెక్క వేసి చూడండి. నేలను తాకే చోటుకు 10 కిలోమీటర్ల దూరంలో అది సుమారు 520 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 5 కిలోమీటర్ల దూరంలో 260 మీటర్లు. 1 కిలోమీటరు దూరంలో 50 మీటర్ల పైచిలుకు మాత్రమే. మన టవర్ క్రేనులు ఎంత ఎత్తుకు పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఎయిర్‌పోర్టు చుట్టూ కట్టడాల ఎత్తుకు కూడా అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పెద్ద రన్‌వేలున్న చోట చుట్టూ 4 కిలోమీటర్ల దాకా, ఎయిర్‌పోర్టు మట్టానికి 45 మీటర్ల ఎత్తున ఒక కనపడని కప్పు వేసినట్టు లెక్క. రన్‌వేకి నేరుగా ఉన్న రెండు కొసల వైపు నిబంధన ఇంకా గట్టిది. ఆ కప్పు దాటి పైకి పోయేది బిల్డింగైనా, క్రేనైనా, స్తంభమైనా ముందుగా విమానయాన అధికారులు పరిశీలించాలి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అక్కడ లేచిందంటే, అది దుబాయ్ రన్‌వేల వరుసలో కాక పక్కకు ఉండటం ఒక కారణం.

క్రేను ఎన్నాళ్లో ఉండదు కదా అనుకోవచ్చు. చిక్కు అక్కడే ఉంది. బిల్డింగు పాతబడ్డాక అందరికీ తెలుస్తుంది, మ్యాపులో ఎక్కుతుంది. క్రేను నిన్న లేదు, ఇవాళ ఉంది, రేపు ఇంకో రెండు సెక్షన్లు పెరుగుతుంది. అందుకే దాని ఎత్తు, అది ఉండే తేదీలు పైలట్లకు ముందే నోటీసుగా వెళ్లాలి. 2013 జనవరి 16న లండన్‌లో ఒక హెలికాప్టర్ పొగమంచులో టవర్ క్రేనును ఢీకొంది. క్రేను పైభాగం మబ్బులో ఉంది. పైలట్ చనిపోయాడు. కింద రోడ్డు మీద నడుస్తున్న మనిషి కూడా చనిపోయాడు.

కాబట్టి సైటులో పనిచేసే మనవాళ్లకు ఒక మాట. క్రేను కొసన, జిబ్ మీద ఉండే ఎర్ర లైటు అలంకారం కాదు. అది ఆరిపోయిందని కంటపడితే ఫోర్‌మెన్‌కో, సేఫ్టీ ఆఫీసర్‌కో వెంటనే చెప్పండి. "నా పని కాదు" అనుకోవద్దు. మీరే ఎక్కి బాగుచేసే ప్రయత్నమూ చేయవద్దు. పర్మిట్ రాలేదని క్రేను ఎత్తకుండా ఆపితే, దాని వెనక ఇంత కథ ఉంది.

డ్రోన్: ఇక్కడ

ఇక డ్రోన్. బొమ్మలా ఉంటుంది. కానీ చట్టం దృష్టిలో అది బొమ్మ కాదు. ఒక పక్షి తగిలితేనే ఇంజను దెబ్బతింటుంది. డ్రోన్‌లో ఉండేది బ్యాటరీ, లోహం, గట్టి ప్లాస్టిక్. పైగా దాన్ని నడిపేవాడు కంట్రోలర్‌తో మాట్లాడడు, రాడార్‌లో అది సరిగా కనపడదు. అందుకే ఎక్కడైనా డ్రోన్ కనిపించిందంటే అధికారులు ముందు విమానాలను ఆపేస్తారు, తర్వాతే మిగతా విచారణ.

దుబాయ్ ఎయిర్‌పోర్టులో 2016 జూన్ 11న డ్రోన్ వల్ల 69 నిమిషాలు విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మళ్లీ ఆగాయి. 2019 ఫిబ్రవరి 15న ఇంకోసారి సుమారు అరగంట బయల్దేరే విమానాలు నిలిచిపోయాయి. 2018 డిసెంబరులో లండన్ గాట్విక్‌లో డ్రోన్లు కనిపించాయన్న సమాచారంతో సుమారు వెయ్యి విమానాలు దెబ్బతిన్నాయి, లక్షా 40 వేల మంది ప్రయాణికులు ఇబ్బందిపడ్డారు.

2022 జనవరి 17న అబుదాబిపై డ్రోన్లు, క్షిపణులతో దాడి జరిగింది. ముసఫా దగ్గర చమురు ట్యాంకర్లు పేలి ముగ్గురు చనిపోయారు. అందులో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ముగ్గురూ మనలాగే బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. ఆ వెంటనే యూఏఈ ప్రభుత్వం సరదాగా డ్రోన్లు ఎగరేయడాన్ని నిలిపేసింది. 2024 నవంబరులో ఆ నిషేధాన్ని దశలవారీగా సడలిస్తామని ప్రకటించి, రిజిస్ట్రేషన్‌కు, అనుమతులకు ఒకే జాతీయ వేదిక పెట్టారు. సడలింపు అంటే ఇష్టమొచ్చినట్టు ఎగరేయమని కాదు. అనుమతి లేకుండా ఎగరేస్తే జైలు, భారీ జరిమానా రెండూ ఉన్నాయి. ఈ రూల్స్ పరిస్థితిని బట్టి మారుతుంటాయి కూడా. షాపువాడు అమ్మాడు కాబట్టి ఎగరేయవచ్చు అనుకోవద్దు. అమ్మడం వాడి వ్యాపారం, పట్టుబడితే కేసు మీది.

డ్రోన్: ఇంటి దగ్గర

"ఇక్కడ ఎగరెయ్యను, ఊరికే తీసుకుపోతాను" అనేవాళ్లు ఇది శ్రద్ధగా చదవండి. 2022 ఫిబ్రవరి 9న భారత ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైనదైనా, విడిభాగాలుగా విప్పి మొత్తం సెట్టుగా తెచ్చినా నిషేధమే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే అనుమతితో మినహాయింపు ఉంది. చెల్లెలి పెళ్లి ఆ జాబితాలో లేదు. లగేజీలో బట్టల మధ్య సర్దినా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తుంది. రెండు నెలల జీతం పెట్టి కొన్నది కస్టమ్స్ టేబుల్ మీద వదిలి రావాల్సి వస్తుంది. ఆ డబ్బు చెల్లెలి చేతిలో పెట్టండి. పెళ్లి వీడియో కావాలంటే అక్కడే లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లను మాట్లాడుకోండి.

అక్కడ ఎగరేయడానికి కూడా హద్దులున్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం దేశం మ్యాపును మూడు రంగులుగా విడదీశారు. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ ఎత్తు 200 అడుగులే. పసుపు జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ముందే మ్యాపు చూసుకోవాలి.

ఆకుపచ్చ లేజర్, గాలిపటం

చివరగా రెండు చిన్న వస్తువులు. ఇక్కడ చవక షాపుల్లో దొరికే ఆకుపచ్చ లేజర్ పిల్లలకని కొంటారు. చేతిలో అది సన్నని చుక్క. కిలోమీటర్లు దాటేసరికి ఆ కిరణం విచ్చుకుని పైలట్ ముందున్న అద్దమంతా వెలుగుతో నింపేస్తుంది. చీకటికి అలవాటైన కళ్లు కొన్ని క్షణాలు ఏమీ చూడలేవు. సరిగ్గా దిగబోయే ఆ క్షణాల్లో విమానంలో 180 మంది ఉండవచ్చు. పిల్లల చేతికి ఇవ్వకండి. ఇచ్చినా ఆకాశం వైపు గురిపెట్టవద్దని గట్టిగా చెప్పండి.

సంక్రాంతి గాలిపటం ఆనందమే, కానీ ఎయిర్‌పోర్టు దగ్గర కాదు. 2024 చివరిదాకా అమల్లో ఉన్న భారతదేశపు 1934 విమాన చట్టం "విమానం" అన్న మాటకు నిర్వచనం చెబుతూ బెలూన్లతో పాటు గాలిపటాన్ని కూడా అందులో చేర్చింది. నవ్వొచ్చే మాటే గానీ ఉద్దేశం స్పష్టం. ఆకాశంలోకి వెళ్లేది ఏదైనా సరే, లెక్కలోకి వస్తుంది.

గుర్తుంచుకోవాల్సినవి

• డ్రోన్ కొని ఇండియాకు తీసుకుపోవద్దు. ఎవరైనా "మా వాళ్లకు ఇచ్చెయ్యి" అని పార్సిల్ ఇస్తే విప్పి చూడకుండా తీసుకోవద్దు. పట్టుబడితే లగేజీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే అడుగుతారు.

• యూఏఈలో రిజిస్ట్రేషన్, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయవద్దు. స్నేహితుడిదని చేతిలోకి కూడా తీసుకోవద్దు.

• క్యాంపు దగ్గర, ఎయిర్‌పోర్టు గోడ దగ్గర ఎవరైనా డ్రోన్ ఎగరేస్తుంటే వీడియో తీస్తూ నిలబడవద్దు. క్యాంపు బాస్‌కో, సెక్యూరిటీకో చెప్పండి.

• క్రేను మీద ఎర్ర లైటు వెలగకపోతే అదే షిఫ్టులో చెప్పండి.

• విమానం గాలిలో తిరుగుతుంటే, ఆలస్యమైతే సిబ్బందితో గొడవ వద్దు. తొందరపెడితే కంట్రోలర్ వినడు, వినకూడదు కూడా.

వచ్చే వారం: లగేజీలో ఏవి చెక్-ఇన్‌లో వెయ్యాలి, ఏవి చేతి బ్యాగులో ఉంచుకోవాలి, పవర్ బ్యాంకుల విషయంలో ఎందుకంత పట్టుదల అన్న సంగతి చూద్దాం.